బాయి మోటరు, బోటు స్టార్టరు

"జనగామోనికి పడవెందుకురా?" అని బాపు ఫోన్లో ఒకటే నవ్వు. బోర్లు ఎండిపోయే ఊరు మరి. నాతో కలిసి ఈ పాత క్యాబిన్ క్రూయిజర్ కొన్న ఇద్దరిదీ మానుకోట, భూపాలపల్లి. ముగ్గురం ఉండేది సియాటిల్లో.

ఇంజన్ని చల్లబరిచే పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. నీళ్లందక కాసేపు తిరిగితే రెక్కలు మాడిపోతాయి. ఫుట్‌వాల్వు లీకై ఉత్తగా తిరిగే బాయి మోటరు లాంటిదే. అది మాకు కొత్త కాదు.

గొడవంతా స్టార్టర్ దగ్గరే. కారుది చవక, చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున ఇంజను పక్కనే పేరుకుంటుంది. అందుకే నిప్పురవ్వ బయటికి రాని మెరైన్ స్టార్టరే పెట్టాలి, ఇంజన్ వేసేముందు 4 నిమిషాలు బ్లోయర్ తిప్పాలి. "ఇంతకుముందోడు కారుదే పెట్టి ఇన్నేళ్లు నడిపాడు కదా" అంటాడు మానుకోటోడు. మెరైన్‌ది వచ్చేదాకా తాళంచెవి నా జేబులోనే. అలిగితే అలగనీ.