ఎక్కించే గుణాలు, అబ్బే గుణాలు

మన బడుల బ్రోచర్లలోనూ వార్షికోత్సవ ఉపన్యాసాల్లోనూ తరచూ తగిలే ఇంగ్లీషు క్రియ ‘ఇన్‌కల్కేట్’. విలువలైనా క్రమశిక్షణైనా పిల్లల్లో ‘ఇన్‌కల్కేట్’ చేస్తామంటారు. పదేపదే చెప్పి మనసుకు పట్టించడమని దాని అర్థం. లాటిన్ మూలంలో అది మడమతో తొక్కి దిగ్గొట్టడం. అదే పనికి వాడే ‘ఇన్‌స్టిల్’ బొట్టుబొట్టుగా పోయడం నుంచి, ‘ఇంబ్యూ’ తడిపి నానబెట్టడం నుంచి వచ్చాయి. మూడింటిలోనూ పనంతా పెద్దవాళ్లదే. పిల్లవాడు పుచ్చుకునేవాడు మాత్రమే. చిక్కంతా అక్కడే ఉంది.

మాట పుట్టుక వేరు, నేటి వాడుక వేరు, ఇన్‌కల్కేట్ అనేవాళ్లెవరికీ మడమ గుర్తుకు రాదు అనవచ్చు. నిజమే. కానీ మడమను మరిచినా వాక్య నిర్మాణం మారలేదు: చేసేది ఒకరు, చేయించుకునేది మరొకరు. ఆ నిర్మాణం బోధనలోకీ దిగుతుంది. నీతి పాఠం చెప్పేశాం కనుక నీతి అందిందనుకుంటాం. 1920ల్లో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే వేలాది బడిపిల్లల నిజాయితీని పరీక్షించి 1928లో ఫలితాలు ప్రకటించారు. ఒకచోట మోసం చేయని పిల్లలే మరోచోట చేశారు. నీతి బోధించే సండే స్కూళ్లకు వెళ్లినంత మాత్రాన నడతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తోటివారి తీరు, తరగతి వాతావరణం మాత్రం ప్రభావం చూపాయి. ఆ లెక్కన మూడు క్రియల్లో ‘ఇంబ్యూ’యే కొంత నయం, చుట్టూ ఉన్నది మనిషికి పడుతుందన్న సంగతి అందులో ఉంది.

మరి పదేపదే చెప్పకుండా ఎక్కాలైనా వస్తాయా అని ఇంకొకరు అడగవచ్చు. రావు. అయితే ఎక్కాలను వల్లెవేసేది పిల్లవాడే. ఇల్లు కడుతూ కట్టడం నేర్చుకున్నట్టే, న్యాయమైన పనులు చేస్తూ న్యాయవంతులమవుతామని అరిస్టాటిల్ అన్నదీ ఇదే. పునశ్చరణ అవసరమే, కానీ అది ఉపదేశానికి కాదు, ఆచరణకు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అంటుంది. అక్కడ పెంచుకునేవాడు పౌరుడే. తెలుగులో మనం గుణాలను అలవరచుకుంటాం, కొన్ని మనకు అబ్బుతాయి. ఈ రెండు మాటల్లోనూ ఎక్కించేవాడు లేడు.

అంటే పెద్దల పాత్ర లేదని కాదు. సందర్భాలు కల్పించేది, ముందు తాము చేసి చూపేది వాళ్లే. కనుక నిజాయితీని ఇన్‌కల్కేట్ చేస్తామనే బడిని తల్లిదండ్రులు అడగాల్సింది ఒకటే: కాపలా లేని పరీక్ష రాసే అవకాశం మా పిల్లలకు ఏడాదిలో ఎన్నిసార్లు ఇస్తారు?