మా యెరువు గుంట

మా పాఠశాల తోటలో బావికి పడమటి ప్రక్కను ఒక యెరువు గుంట కలదు. పొడవు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు, లోతు 3 అడుగులు. దానిని జూచినవారు అందేమియు విశేషము కలదని తలపరు. కాని పుస్తకములలో నేర్వని యొక పాఠమును మే మచ్చట నేర్చుకొంటిమి. అది మాకు సిగ్గు కలిగించిన పాఠమైనను దాచక వ్రాయుచున్నాము.

గత సంవత్సరము వసతిగృహమునకు వలయు కూరగాయలను పండించు పని తొమ్మిదవ తరగతి వారమగు మాకు అప్పగింపబడెను. మేము మిక్కిలి యుత్సాహముతో వరిగడ్డిని, ఎండుటాకులను, రంపపు పొట్టును గుంటలో నింపి, నీళ్లు చల్లి, పైన మన్ను కప్పితిమి. రెండు నెలల పిమ్మట త్రవ్వి చూడగా గడ్డి గడ్డిగానే యుండెను. తోటమాలి తాత దానిని చేతితో నలిపి చూచి, "ఇది యింకను మాగలేదు, బాబూ. పేడయు పచ్చిరొట్టయు పడనిదే మాగదు" అనెను. మాకు ఓపిక లేకపోయెను. ఆ చెత్తనే మడులలో కలిపి వంగనారు నాటితిమి.

ఇరువది దినములకు మొక్కల యడుగుటాకులు పసుపువన్నెకు తిరిగెను. ఎదుగుదల నిలిచిపోయెను. ఉపాధ్యాయులు కారణ మడుగగా, "తాత సరిగా నీళ్లు పెట్టుటలేదు" అని మేము చెప్పితిమి. తాతకు చీవాట్లు తగిలెను. అతడు మారు పలుకక చేద తీసికొని బావికడకు పోయెను. ఆ నెల వంకాయలను సంతలో కొనవలసివచ్చెను.

తరువాత విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఒక మొక్కను వేళ్లతో పెకలించి మాకు చూపిరి. మన్ను తడిగా నుండెను. వేళ్లకు తెగులు లేదు. అప్పుడు వారిట్లు బోధించిరి: చెత్తను కుళ్లజేయు సూక్ష్మజీవులకు శక్తికై కర్బనమును, దేహపుష్టికై నత్రజనియు కావలయును. కుప్పలో నత్రజని యొక పాలుండగా కర్బనము 25 మొదలు 30 పాళ్లున్నచో పని చక్కగా సాగును. వరిగడ్డిలో కర్బనము అంతకు రెట్టింపునకు మించి యుండును. రంపపు పొట్టులో వందలకొలది పాళ్లుండును. అట్టి చెత్తను పచ్చిగా నేలలో కలిపినచో, సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మంటినుండియే లాగుకొనును. మొక్కల నోటికాడి కూడును పోగొట్టినవారము మేమే!

ఆ సాయంకాలమే ఉపాధ్యాయుల యెదుట తాతను క్షమాపణ వేడితిమి. అతడు, "నీళ్లు పెట్టితినని ఆ మన్నే చెప్పినది కదా, బాబూ. రండు, గుంట మరల నింపుదము" అనెను.

ఈ మారు తాత చెప్పినట్లు చేసితిమి. జానెడు గడ్డి పరచి, దానిపై కానుగ, జీలుగు, గ్లిరిసిడియా రొట్టను వేసి, పేడనీళ్లు చల్లి, పశువుల పాకలో మూత్రము నానిన మన్ను పలుచగా చల్లితిమి. వేరుసెనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతము కలదు. కాని యది పశువులకు మేత, వెలయు హెచ్చు. కావున కొంచెము వేపపిండి మాత్రము వాడితిమి. ఒక పొరలో పిండి యెక్కువై అమ్మోనియా ఘాటు కొట్టగా, నత్రజని గాలిలో కలిసిపోవుచున్నదని గ్రహించి, మరికొంత గడ్డి కలిపితిమి. నాలుగవనాడు ఉష్ణమాపకము 60 డిగ్రీలు చూపెను. ఆ వేడికి కలుపు విత్తులు చచ్చునట.

ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు ఇండోరు నగరమున ఇట్టి పద్ధతినే రూపొందించి, యశ్వంతు వాడ్‌తో కలిసి 1931లో గ్రంథముగా ప్రకటించెనని ఉపాధ్యాయులు తెలిపిరి. ఆయన భారతదేశపు రైతులను తన గురువులుగా నెంచెనట. ఆ మాట వినినప్పుడు మేమందరము తాతవంక చూచితిమి.

అప్పుడప్పుడు తిరుగవేయుచు రాగా, మూడు నెలలకు ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మంటి వాసనతో నుండెను. ఈ యేడు వంగమొక్కలు పచ్చగా నున్నవి. మా తలిదండ్రులు పెరటిలోని ఆకులను తగులబెట్టక, పచ్చిరొట్టతోను పేడతోను కలిపి మాగవేయుదురుగాక! పని తెలిసినవారు చెప్పు మాటను మేము మాత్ర మిక పెడచెవిని పెట్టము.