ఇంజను మార్చిన కారు

ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజారు ఐ.ఐ.టి. ప్రాంగణమును ఆనుకొని ఉన్న చిన్న పేట. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందిన మా అన్నగారు అక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడినారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలములో శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి వచ్చి ఖరగ్‌పూర్‌లో వేళ్ళూనిన తెలుగు కుటుంబములలో మాదియు ఒకటి. అన్నగారి వాకిట జామచెట్టు క్రింద 1974 నాటి అంబాసిడర్ మార్క్ టూ కారు ఉన్నది. 1988లో ఒక డాక్టరుగారి వద్ద పాతబండిగా కొన్నారు. ఆ కారు విషయములో మేము చేసిన పని ఒకటి కలదు. దానిని ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు.

గత శీతకాలములో సెలవుపై వెళ్ళినప్పుడు, కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రికవారి పాత కార్ల ప్రదర్శనకు పోవలసినదేనని అన్నగారు పట్టుబట్టినారు. 1964లో ఢిల్లీలో ఈ వేడుకను ప్రారంభించిన ఆ పత్రిక, తరువాత కలకత్తాలోను దానిని నిర్వహించుచున్నది. తెల్లవారుజామున హౌరా లోకల్ ఎక్కినాము. అన్నగారు ఇస్త్రీ చొక్కా తొడిగినారు. పెండ్లికి పోవుచున్నట్లున్నదని వదినగారు నవ్వినారు.

మైదానములో బారులు తీరిన కార్లను చూడగా మాలోని ఇంజనీరు మేల్కొన్నాడు. ఇత్తడి దీపములు, చెక్క ఆకుల చక్రములు, తోలు బెల్టులతో బిగించిన బానెట్లు! 747 సి.సి. ఇంజనుతో నలుగురిని మోసిన బేబీ ఆస్టిన్ ముందు చాలసేపు నిలిచినాము. యజమానులు ఆనాటి వేషములు ధరించి, కారు నీడలో కుర్చీలు వేసుకొని కూర్చుండినారు. న్యాయనిర్ణేతలు బానెట్లెత్తి నెంబర్లు చూచుచు, ఏది అసలుది, ఏది తరువాత చేర్చినది అని వ్రాసికొనుచుండిరి. (మా స్టోర్సు తనిఖీకి వచ్చు ఆడిటర్లు జ్ఞప్తికి వచ్చినారు.)

అంబాసిడర్ల వరుసలో మా అన్నగారి కారునకు కవల వంటి మార్క్ టూ ఒకటి కనబడినది. అదే లేత నీలిరంగు. ఇంజను మాత్రము పుట్టుకతో వచ్చినదే, 1489 సి.సి. పెట్రోలు ఇంజను. స్టార్టు చేయగానే అన్నగారు చెవి ఒగ్గి, "రెండో సిలిండరు టాపెట్ వదులైంది" అన్నారు. యజమాని సంతోషించి, మీదే సంవత్సరము బండి అని అడిగినాడు. "డెబ్బది నాలుగు. కానీ ఇంజను దానిది కాదు. డీజిలు." ఆ పెద్దమనిషి మర్యాదగానే తలయూపి, ప్రక్కవారి వైపు తిరిగినాడు.

ఆ డీజిలు ఇంజను మా నిర్వాకమే. 1995లో, ఉద్యోగము కొత్త, కాగితము మీద నమ్మకము ఎక్కువ. డీజిలు ధర అప్పుడు పెట్రోలు ధరలో సగమైనను లేదు. ఖర్చు రెండేండ్లలో తిరిగివచ్చునని పట్టిక గీసి చూపితిమి. అంబాసిడర్ డీజిలు ఇంజను సైతము 1489 సి.సి.యే, అదే బి.ఎం.సి. వంశము, కావున కూర్చుటయు సులభమే. "బాగున్న ఇంజనుకేం రా?" అని అన్నగారు ఒక్కమారే అడిగినారు. చదువుకొన్న తమ్ముడు చెప్పుచున్నాడని ఊరకుండినారు. పాత ఇంజనును తూకమునకు ఇనుప కొట్టులో వేసితిమి. లెక్క ప్రకారమే డబ్బు తిరిగివచ్చినది. ఆ కారునకు ఏబది ఏండ్లు నిండు దినము వచ్చునని మాత్రము ఆ పట్టికలో లేదు.

2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, ఏబది ఏండ్లు దాటిన సొంత కార్లకు వింటేజ్ హోదా లభించును. నెంబరులో వి.ఎ. అను అక్షరములు, పదేండ్ల రిజిస్ట్రేషను, రుసుము 20,000 రూపాయలు. చట్రము, బాడీ, ఇంజను మార్చకుండ అసలు రూపమున ఉండవలెను. అట్టి కారును నిత్యము నడుపరాదు. ప్రదర్శనలకు, మరమ్మతులకు, ఇంధనము పోయించుకొనుటకు తీయవచ్చును. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయినది. కనుక ఉన్నవానికి విలువ పెరుగుచున్నదని అక్కడివారు చెప్పుకొనుచుండిరి. మేము వినుచు నడచితిమి.

తిరుగు రైలులో ఉలుబేరియా దాటువరకు ఇద్దరమును మాటాడలేదు. తుదకు మేమే, "అన్నయ్యా, ఆనాడు నేను చెప్పకుండా ఉండవలసింది" అంటిమి.

అన్నగారు కిటికీ వైపే చూచుచు అన్నారు: "వర్క్‌షాపుకి స్టీము ఇంజను పి.ఓ.హెచ్.కి వస్తే దాని బాయిలరు దింపేసి, సిద్ధంగా ఉన్న ఇంకో బాయిలరు ఎక్కించి పంపేసేవాళ్ళం. నెంబరు మారేదా? డ్రైవరు వచ్చి, ఇది నా ఇంజను కాదన్నాడా?"

అది మమ్ము ఊరడించుటకు చెప్పినదో, నిజముగా అట్లే తలచుచున్నారో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

మరునాడు కారు స్టార్టు కాలేదు. డీజిలు పైపులో గాలి చేరినది. అన్నగారు ఫిల్టరు వద్ద బోల్టు వదులు చేయగా, మేము వంగి ప్రైమింగ్ లీవరు నొక్కుచుంటిమి. నురుగు పోయి డీజిలు ధార కట్టినది. "చాల్రా" అని బోల్టు బిగించి, చేతులు తుడుచుకొని, వదినగారి వద్ద సంచి తీసికొన్నారు. ఇద్దరమును కారులో ప్రేమ్ బజారునకు చేపలకై పోయితిమి.