‘నిమ్హాన్స్’ గేటు లోపల ఏముంది?

బెంగళూరులో డెయిరీ సర్కిల్ దాటి విల్సన్ గార్డెన్ వైపు వస్తుంటే హోసూరు రోడ్డు పక్కన పక్కపక్కనే రెండు పెద్ద ఆసుపత్రులు కనిపిస్తాయి. ఒకటి కిద్వాయ్, క్యాన్సర్‌కి. రెండోది నిమ్హాన్స్. ఎవరైనా కిద్వాయ్‌లో చేరారని తెలిస్తే చుట్టాలు పండ్లు పట్టుకుని చూడటానికి వస్తారు. నిమ్హాన్స్‌లో చేరారని తెలిస్తే ఫోన్ చేయడానికి కూడా మొహమాటపడతారు. మధ్యలో దూరం నాలుగడుగులే.

ఐదేళ్లుగా ఆఫీసు క్యాబ్‌లో ఈ దారినే తిరుగుతున్నా. గేటు కనపడగానే క్యాబ్‌లో ఎవరో ఒకరు “మామా, నీ స్టాప్ వచ్చింది, దిగు” అనడం మామూలే. హైదరాబాద్‌లో అయితే ఇదే జోకు ఎర్రగడ్డ పేరు మీద నడుస్తుంది. వైజాగ్‌లో చినవాల్తేరు పేరు మీద. ఊరు మారుతుంది, జోకు మారదు. నిరుడు మా పెద్దమ్మ కొడుకుతో కలిసి ఆ గేటు దాటి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ఊరికే చూడటానికి కూడా రెండుసార్లు వెళ్లా. ఇది ఆ చోటు గురించి.

పేరు మారిన ప్రతిసారీ

పూర్తి పేరు చాలా పొడవు: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అండ్ న్యూరో సైన్సెస్. దీని మూలం 1847 నాటిది. అప్పట్లో బెంగళూరు పాత ఊళ్లో ‘లునాటిక్ అసైలం’ అనే పేరుతో మొదలైంది. తెలుగులో చెప్పాలంటే పిచ్చాసుపత్రి. అసైలం అంటే వైద్యం కంటే కాపలా ఎక్కువ ఉండే చోటు. బయట సమాజానికి ఇబ్బంది లేకుండా మనిషిని లోపల పెట్టడమే దాని అసలు పని.

1925లో దాని పేరును ‘మెంటల్ హాస్పిటల్’గా మార్చారు. 1930ల్లో ఇప్పుడున్న హోసూరు రోడ్డు స్థలానికి వచ్చింది. 1954లో దాని పక్కనే చదువు, పరిశోధన కోసం ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పెట్టారు. ఆ రెండింటినీ 1974 డిసెంబర్ 27న కలిపేస్తే వచ్చిందే నిమ్హాన్స్. 2012లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది.

అసైలం, హాస్పిటల్, ఇన్‌స్టిట్యూట్. పేరు మారిన ప్రతిసారీ లోపల జరిగే పని కూడా మారింది. మన నోట్లో మాత్రం ఇంకా 1847 దగ్గరే ఆగిపోయింది.

క్యూలో తెలుగు

పొద్దున్నే ఏడింటికి వెళ్లినా మాకంటే ముందు చాలామంది ఉన్నారు. కన్నడ, తమిళం, హిందీ, బెంగాలీ అన్నీ వినిపిస్తాయి. తెలుగు అయితే వెతుక్కోవాల్సిన పనే లేదు. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. రాత్రి బస్సెక్కి, తెల్లవారి నేరుగా ఇక్కడికే వస్తారు. చేతిలో పాత చీటీల ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో టిఫిన్ బాక్సు. దూరం నుంచి వచ్చే బంధువులు ఉండటానికి ధర్మశాల కూడా ఉంది.

మా అన్న వయసు ముప్పై. కదిరి దగ్గర సొంతంగా మొబైల్ షాపు. ఒక వేసవిలో వారం రోజులు నిద్రపోకుండా తిరిగాడు. ఇంకో మూడు షాపులు తెరుస్తానని దొరికిన చోటల్లా అప్పు చేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు, దిష్టి తీయించారు, మూడు ఊళ్లు తిప్పారు. అలా రెండేళ్లు గడిచాయి.

“ఒరే అబ్బోడా, నరాల డాక్టరుకు సూపిస్తాండామని చెప్పినా అందరికీ. నువ్వు కూడా అట్లనే చెప్పు” అంది పెద్దమ్మ బస్సు దిగుతూనే. నిమ్హాన్స్‌లో న్యూరాలజీ కూడా ఉంది కాబట్టి ఆ మాట అబద్ధం అనిపించదు. క్యూలో మా ముందున్న పులివెందుల ఆయన కూడా ఊళ్లో ‘నరాల డాక్టర్’ అనే చెప్పి వచ్చానన్నాడు. మన దగ్గర సైకియాట్రిస్ట్‌కి అసలు తెలుగు పేరు అదేనేమో!

మొదట ఒక డాక్టర్ కొద్దిసేపు మాట్లాడి, సమస్య ఏ వైపుదో చూసి, వివరంగా మాట్లాడటానికి పంపిస్తారు. ఆ రెండో దశే అసలైంది. మా అన్నతో విడిగా, పెద్దమ్మతో విడిగా మాట్లాడారు. చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, నిద్ర ఎలా ఉండేది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, అప్పు ఎప్పుడు చేశాడు, ఎంత మాట్లాడేవాడు... సాఫ్ట్‌వేర్‌లో మేం ఒక సమస్య దొరకాలంటే పాత లాగ్స్ అన్నీ వరసగా చదువుతాం. ఇక్కడ ఆ లాగ్స్ మనిషి జ్ఞాపకంలో ఉంటాయి. రక్తపరీక్షలో కనపడవు. అందుకే అంత సేపు.

ఒక విషయం ఇక్కడే తెలిసింది. ‘మెంటల్ డాక్టర్’ అని మనం ఒకే గాటన కట్టేసేవాళ్లలో కనీసం మూడు రకాలున్నారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసినవాళ్లు, మందులు రాసేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు, మాటలతో చేసే థెరపీ చూస్తారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇల్లు, ఉద్యోగం, అప్పులు, చుట్టాల సంగతి చూస్తారు. మా పెద్దమ్మ ఎక్కువ సేపు మాట్లాడింది, కొంచెం ఏడ్చింది కూడా ఆ మూడో మనిషి దగ్గరే.

తేలింది బైపోలార్ డిజార్డర్. రాసిన మందు లిథియం. అవును, మీ ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియమే, కాకపోతే ఉప్పు రూపంలో. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా సైకియాట్రిస్ట్ ఇది పనిచేస్తుందని రాశారు. ఇప్పటికీ ఈ జబ్బుకు ముఖ్యమైన మందుల్లో ఇదొకటి. రక్తంలో మోతాదు ఎంతుందో మధ్యమధ్యలో పరీక్ష చేయించాలి. ఎక్కువైతే విషం, తక్కువైతే పనిచేయదు. అలవాటైపోయే మందు కాదు, కానీ సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. ఇవన్నీ డాక్టర్ తెలుగులోనే చెప్పారు. పెద్దమ్మ ముఖంలో సగం భయం అక్కడే పోయింది.

మెదడు చేతిలో పెడితే

క్యాంపస్‌లో బ్రెయిన్ మ్యూజియం ఉందని అప్పుడే తెలిసింది. తర్వాత ఒకసారి దాని కోసమే వెళ్లా. న్యూరోపాథాలజిస్ట్ డాక్టర్ ఎస్.కె. శంకర్ ఎన్నో ఏళ్లు కష్టపడి కట్టిన సేకరణ ఇది. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఇచ్చిన మెదళ్లను పరిశోధన కోసం ఇక్కడ భద్రపరుస్తారు. మ్యూజియంలో గాజు సీసాల్లో వరసగా ఉంటాయి. స్ట్రోక్ వచ్చిన మెదడు, కణితి ఉన్న మెదడు, అల్జీమర్స్‌తో ముడుచుకుపోయిన మెదడు.

చివర్లో గ్లవ్స్ ఇచ్చి నిజమైన మెదడును చేతిలో పెడతారు. సుమారు కేజీ మూడొందల గ్రాములు. మనం పెద్దవాళ్లమయ్యాక కూడా ‘ఇందులోనా ఇన్ని గొడవలు’ అనిపిస్తుంది. పక్కనున్న కాలేజీ పిల్లలు సెల్ఫీ సంగతి కూడా మర్చిపోయారు.

అక్కడ నాకు తట్టింది ఒకటే. స్ట్రోక్ కంటికి కనిపిస్తుంది. కణితి కనిపిస్తుంది. డిప్రెషన్‌తో బతికిన మనిషి మెదడు, బాగున్న మనిషి మెదడు పక్కపక్కన పెడితే మన కంటికి తేడా తెలియదు. ‘నీకేం తక్కువ, ఊరికే ఆలోచిస్తున్నావ్’ అని మనం అంత తేలిగ్గా అనేయడానికి కారణం ఇదే కావచ్చు. కనపడని నొప్పిని నమ్మడం కష్టం.

గోడలు తగ్గిన కథ

అసైలం ఆసుపత్రి కావడానికి ఒక్క మందు సరిపోలేదు. 1952లో క్లోర్‌ప్రొమజీన్ వాడకం మొదలయ్యాక, తీవ్రమైన జబ్బున్నవాళ్లు కూడా ఇంటికి వెళ్లగలరని ప్రపంచమంతా తెలిసింది. మన దేశం ఇంకో అడుగు వేసింది. 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో టెంట్లు వేయించి, రోగులతో పాటు ఇంటివాళ్లనూ ఉండమన్నారు. ఇంటి మనుషులే వైద్యంలో భాగం అన్న ఆలోచన అక్కడ బలపడింది. నిమ్హాన్స్ ఫ్యామిలీ వార్డుల్లో ఇప్పటికీ అదే చూస్తాం. అమ్మ పక్కన కొడుకు, భార్య పక్కన భర్త.

తర్వాత ఆసుపత్రే ఊళ్లోకి వెళ్లింది. 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మానసిక జబ్బుల గురించి శిక్షణ ఇచ్చారు. అది పనిచేసింది. 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆదర్శంగా తీసుకున్నది బళ్లారినే. మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి.

చట్టం మాత్రం నెమ్మదిగా నడిచింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసిన పాతిక మందికి పైగా మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. దేశం ఉలిక్కిపడింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది 2017లో. అమల్లోకి వచ్చింది 2018 మేలో.

ఆ చట్టంలో మన తరం తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. గొలుసులతో కట్టేయడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంట్ షాక్ చికిత్స చేయడం నిషేధం. సినిమాల్లో మనం చూసిన షాక్ సీన్ ఇవాళ ఎవరైనా నిజంగా చేస్తే చట్టవిరుద్ధం. రేపు నాకు జబ్బు తిరగబెడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ఇవాళే రాసిపెట్టుకునే హక్కుంది. మన వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్తుడిగా కాదు, తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి. ఆరోగ్య బీమా కూడా శరీరపు జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ ఇవ్వాలి. దీన్ని తప్పకుండా పాటించాలని బీమా కంపెనీలకు నియంత్రణ సంస్థ 2022 అక్టోబర్ 31 గడువు పెట్టింది. మీ ఆఫీసు పాలసీ కాగితం ఒకసారి తెరిచి చూసుకోండి.

గేటు దాటనక్కర్లేని వైద్యం

ఇంత జరిగినా లెక్క ఇంకా కుదరలేదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. సైకియాట్రిస్టులు లక్ష మందికి ఒక్కరు కూడా లేరు, 0.75 అని లెక్క. ఎన్ని గేట్లు కట్టినా ఈ లెక్కతో క్యూ తగ్గదు.

అందుకే 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే సైకియాట్రిస్ట్ దాకా పంపిస్తారు. దీనికి పెద్దదిక్కు నిమ్హాన్స్, సాంకేతిక సాయం బెంగళూరు ట్రిపుల్ ఐటీ. 2024లో యాప్ కూడా వచ్చింది.

మనలాంటివాళ్ల కోసం ఇంకో రెండున్నాయి. ఫోన్, గేములు వదల్లేకపోతున్నవాళ్లకు 2014 నుంచి నిమ్హాన్స్‌లో ‘షట్ క్లినిక్’ నడుస్తోంది. పెద్ద ఆసుపత్రి అంటే జంకేవాళ్ల కోసం బీటీఎం లేఅవుట్‌లో ‘సెంటర్ ఫర్ వెల్ బీయింగ్’ ఉంది. పేరులో ఆసుపత్రి అన్న మాటే లేదు. మన జోకులకు భయపడేవాళ్ల కోసం అలా పెట్టారేమో!

మా అన్న సంగతి చెప్పాలి కదా. ఏడాదిగా మాత్రలు మానలేదు. షాపు మళ్లీ నడుస్తోంది, అప్పు సగం తీరింది. సంబంధాలు చూడటం మొదలెట్టగానే ఇంట్లోవాళ్లు “పెళ్లయ్యేదాకా మాత్రలు ఆపురా, డబ్బా ఎవురన్నా సూస్తే?” అన్నారు. అన్న ఒప్పుకోలేదు. మొదటి సంబంధం వాళ్లకు జబ్బు పేరుతో సహా తనే చెప్పేశాడు. వాళ్లు వద్దన్నారు. పెద్దమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు. “తెలిసి ఒప్పుకున్నోళ్లే రానీలే అన్నా పర్లేదు. మాత్ర దాచిపెట్టుకుని కాపురం చేయలేనురా” అన్నాడు నాతో. ఇప్పుడు రెండో సంబంధం చూస్తున్నారు. వాళ్లకూ చెప్పే కూర్చుంటాడట.

వెళ్లాలనుకుంటే

వైద్యం కోసమైతే పొద్దున్నే వెళ్లండి. ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మందుల పట్టీలు పట్టుకెళ్లండి. విషయం తెలిసిన ఇంటి మనిషి ఒకరు తోడుంటే మంచిది. మొదటి రోజు చాలా సమయం పడుతుంది, కాబట్టి ఆఫీసుకు పూర్తి సెలవు పెట్టుకోండి. తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, భాష గురించి బెంగ వద్దు.

చూడటానికైతే బ్రెయిన్ మ్యూజియం వారంలో కొన్ని రోజులే, కొన్ని గంటలే తెరుస్తారు. ముందే కనుక్కుని వెళ్లండి. పాత రోజుల సంగతులు తెలియాలంటే హెరిటేజ్ మ్యూజియం ఉంది. రోగుల ఫొటోలు మాత్రం తీయొద్దు.

బెంగళూరు దాకా రాలేనివాళ్లు 14416 నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. మీకు అవసరం లేకపోతే మీ పక్కవాళ్లకు ఉండొచ్చు.