దోర్నాల దాటితే... అడవి!

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా పడమటికి వెళ్తుంటే దారి పొడవునా మిరప, పత్తి చేలే. మిరప నడుము ఎత్తు దాటదు. పత్తి గుబురుగా పెరిగినా మనిషి తల కనిపిస్తూనే ఉంటుంది. ఫర్లాంగు దూరంలో ఎవరొస్తున్నారో గట్టు మీద నుంచే చెప్పేయొచ్చు. దాక్కోవడానికి చోటే లేని నేల! ఇక్కడి కుర్రకారుకి అడవి సినిమా అంటే సరదా ఉండదూ మరి?

2009లో రాంగోపాల్‌వర్మ తీసిన ‘అడవి’ అలాంటిదే. షూటింగ్ కోసం వెళ్లిన బృందాన్ని అడవిలో ఏదో వెంటాడుతుంది. ఒక్కొక్కరే బలవుతుంటారు. అదేమిటో చివరిదాకా చూపించరు. స్నేహితుల పక్కన కూర్చుని ఉలిక్కిపడి, లైట్లు వెలిగాక నవ్వుకుంటూ ఇంటికెళ్లడంలోనే ఉంది మజా.

ఆ మజా కాస్త నిజంగా తెలియాలంటే దోర్నాల వెళ్లాలి. అక్కణ్నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు నల్లమల దారి. కొన్ని మలుపులు తిరిగేసరికి ఇక చెట్లే. బస్సులో పిల్లల కబుర్లు ఆగిపోతాయి. రోడ్డుకి పదడుగుల అవతల ఏముందో తెలీదు. ఏమీ చూపించకుండా భయపెట్టడం ఎలాగో అప్పుడు అర్థమవుతుంది.

ఇది పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. పులి మీద పడుతుందనేమో అనుకుంటారు పిల్లలు. కానీ చీకట్లో రోడ్డు దాటే జంతువులు చక్రాల కింద పడకూడదనే ఆ గేటు. సినిమాలో భయపడేది మనుషులు. ఇక్కడ మనల్ని చూసి భయపడాల్సింది అవే. అందుకే, పొద్దుండగానే దోర్నాల చేరుకోవాలి.