తెలిసిన రాగిని కొలుచుట

రాగి చెంబు నెరుగని యిల్లు మన గ్రామములలో లేదు. రాగిని గూర్చి మనకు క్రొత్తగా తెలియవలసినదేమున్నది? అందుకే, ఇందోరులోని ఇండస్-2 అను గొప్ప యంత్రమునొద్దకు వెళ్లిన మా మేనల్లుడు, తనకు వచ్చిన కొద్ది గంటల వంతులో మొదట ఒక రాగి రేకును కొలిచెనని విని మా అక్క చిన్నబుచ్చుకొనెను. "తెలిసిన రాగిని కొలవడానికా తమ్ముడూ, వాడు అంత దూరం వెళ్ళింది?" అని నన్నడిగెను. జవాబు నేను అతనియొద్దనే నేర్చుకొంటిని.

పలుచని రాగి రేకుగుండ ఎక్స్‌రే కిరణములను పంపి, వాటి శక్తిని మెల్లగా పెంచుకొనుచు పోవుదురు. సుమారు 8979 ఎలక్ట్రాన్ వోల్టులయొద్ద రాగి ఆ కిరణములను ఒక్కసారిగా అధికముగా మ్రింగును. ఆ తరువాత గీత నున్నగా దిగక చిన్న చిన్న అలలుగా ఊగును. పరమాణువులోనుండి వెడలగొట్టబడిన ఎలక్ట్రాను అలవలె బయలుదేరి, పొరుగు పరమాణువులకు తగిలి తిరిగివచ్చుటయే దీనికి కారణము. చెరువులో అల గట్టునకు తగిలి మరలి, ఎదురు అలతో కూడి ఒకచోట లేచును, ఒకచోట అణగును. మీరు చూచియే యుందురు. ఈ ఊగుటనుబట్టి పొరుగు పరమాణువుల దూరము తెలియునని సేయర్స్, స్టెర్న్, లిట్ల్ అను మువ్వురు 1971లో చూపిరి.

రాగిలో ప్రతి పరమాణువునకు అతి సమీపమున 12 మంది పొరుగువారు, 2.55 ఆంగ్‌స్ట్రాముల దూరమున నుందురు. సెంటీమీటరును పది కోట్ల భాగములు చేసిన, ఒక భాగము ఒక ఆంగ్‌స్ట్రాము. అయినను కొలిచిన గీతను దూరముల లెక్కలోనికి మార్చి చూచినయెడల శిఖరము 2.2 దరిదాపున కనబడును! పోయివచ్చు త్రోవలో పరమాణువులు ఎలక్ట్రాను అలను కొంత జరుపును. ఆ జరుగుబాటును గణించి, సిద్ధాంతపు గీతను కొలిచిన గీతకు అమర్చవలెను.

చిక్కంతయు ఆ అమర్చుటలోనే యున్నది. అల యెత్తునుబట్టి తెలియునది పొరుగువారి సంఖ్య కాదు. ఆ సంఖ్యను 1 కంటె కొంచెము తక్కువైన యొక గుణకముతో హెచ్చించిన మొత్తము. రెంటిని గీత విడదీసి చెప్పదు. పైగా పరమాణువుల కంపమును ఎత్తును తగ్గించును. గుణకమును కొంచెము పెంచి, కంపమును కొంచెము పెంచినను గీత దాదాపు అట్లే కుదురును. కుదిరినది గదా యని సంతోషించుటకు వీలులేదు.

రాగి రేకులోనైతే 12 అనునది ముందే తెలిసినది. మొత్తము 10.8 వచ్చినచో గుణకము 0.9. తరువాత, తెలియని పొడిలోని రాగి రేణువులకు 8.1 వచ్చెననుకొనుడి, పొరుగువారు 8 కాదు, 9. మిక్కిలి సన్నని రేణువులో పైపొర పరమాణువులకు ఒక ప్రక్క పొరుగువారుండరు గనుక, సంఖ్య తగ్గినకొలది రేణువు చిన్నదని చెప్పుదురు. మా అల్లుని పనికి రేణువులు ఎంత చిన్నవైన అంత పేరు.

వేదాంత పాఠశాలలో మా గురువుగారు, మాకు తెలుగున కంఠతా వచ్చిన భాగములనే మొదట గ్రీకులో చదివించెడివారు. తెలియని భాగములో తప్పు చదివినను చదువువానికే తెలియదు.

"గుణకము ఏదో వ్యాసములోనిది వేసికో, గంటలు పాడుచేసికోకు" అని తోడివారొకరు అతనితో చెప్పిరట. కొలిచిన తీరునుబట్టి, లెక్కించు పద్ధతినిబట్టి అది మారును గనుక అతడు ఒప్పుకొనలేదు. ఇంట అప్పున్నది, పట్టా ఆలస్యమగుచున్నది. చివరకు రేణువులు అనుకొన్నదానికంటె పెద్దవని తేలెను. ఆ అధ్యాయమును ఇప్పుడు తిరిగి వ్రాయుచున్నాడు. రాగి రేకు గీతను మొదటి పుటలోనే వేసియున్నాడు.