అవ్వను అడిగిన ప్రశ్న

బెంగుళూరు నుంచి 40 కిలోమీటర్లు వస్తే హోసూరు, మరో 50 సాగితే కృష్ణగిరి. హోసూరులో దిగగానే కొండమీద చంద్రచూడేశ్వరస్వామి గుడి కనిపిస్తుంది. ఫ్యాక్టరీల రొద నడుమ బజారులో తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచివస్తుంది. ఇక్కడి తెలుగు నిన్న మొన్న వచ్చింది కాదు, తరతరాలది.

మామిడికాయల రోజుల్లో కృష్ణగిరి దగ్గర బంధువుల తోటకు వెళ్లాము. ఎనిమిదేళ్ల మనవరాలు వాళ్ల అవ్వను అడిగింది: "అవ్వా, ఈ బెంగుళూరా కాయకు ముక్కు యాల వంకరగా ఉంది?"

"అన్నిటికీ అట్లే ఉందా? పోయి చూసి రా పో," అంది అవ్వ.

పిల్ల నీలం, సెందూర కాయలు కూడా ఏరుకొచ్చి వరుసగా పేర్చింది. ఏ ముక్కు ఎంత వంకరో తానే తేల్చుకుంది. ఆ తర్వాత పది ప్రశ్నలు వేసింది!

చదువులో ఇలాంటి పద్ధతి మన నేలమీదా ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం తెలుగులో కార్డులు తయారుచేశారు. పిల్లలు నేలమీద గుంపులుగా కూర్చుని, ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, నిచ్చెన మెట్లెక్కినట్లు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. పంతులుగారు వాళ్ల నడుమే కూర్చుంటారు. దీన్ని చూసి చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో మొదలుపెట్టాయి. 2007కల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ పాకింది.

అయితే ఒక చిక్కుంది. 2006 చట్టంతో ఈ రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి పెరిగింది. ఉన్న ఊరి భాష నేర్వవలసిందే, అందులో తప్పు లేదు. కానీ చిన్నపిల్లకు సందేహం ఇంటి మాటలోనే పుడుతుంది. దాన్ని అడిగే మాట బడిలో దొరకకపోతే సందేహం గొంతులోనే ఆగిపోతుంది. కార్డులెన్ని ఉన్నా, అడగలేని బిడ్డకు అవి బొమ్మలే.

ఈ చిక్కు హోసూరుదే కాదు, రాష్ట్రం దాటిన మనందరిదీ. బడిలో ఏ భాష ఉన్నా, ఇంట్లో తెలుగులో "ఎందుకు?" అని అడగనిద్దాం. "ఊరుకో" అనకుండా, "పోయి చూసి రా" అందాం. ఆ అవ్వ ఏ శిక్షణా పొందలేదు. కానీ ఆ పూట ఆ తోటే బడి అయింది.